లోపలి మిషన్‌కి పెట్టిన బొట్టు

ఇన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. నాకు రాయడం సంతకం దాకానే. నేను చెబుతుంటే పక్కింటి పద్మ రాస్తోంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

కొత్త రాష్ట్రానికి రాయపూర్ రాజధాని కాబోతోందని మా పేట గుఢియారీ అంతా చెప్పుకుంటున్న ఏడాది అది. మా ఆయన అప్పటికే పోయారు. మా అమ్మాయి కుమారి ఇంట్లో కంప్యూటర్ పాఠాలు చెబుదామనుకుంది. ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడపాలట. నేర్చుకునేవాళ్ళు లోపలిదాన్ని పాడుచేసినా పైదానికి ఏమీ కాదట. ఏ మిషన్ కొనాలో తేలక చాలా రోజులు తిరిగింది. చుట్టాలందరూ పేరున్న కంపెనీదే కొనమన్నారు. బజార్లో విడిభాగాలతో కంప్యూటర్లు కట్టే మనోజ్ మాత్రం, "దాంట్లో మెమరీ తక్కువ దీదీ, రెండూ ఒకేసారి నడవవు. నేను కట్టి ఇస్తాను" అన్నాడు. కుమారి అతన్నే నమ్మింది. నమ్మినట్టే మిషన్ నడిచింది. తెర మధ్యలో ఇంకో చిన్న తెర వెలిగితే నన్ను పిలిచి, "చూశావా, దీని కడుపులో ఇంకోటుంది" అంది.

ఆ మాటే నా కొంప ముంచింది.

మా ఆయన లోకోషెడ్‌లో ఫిట్టరు. దసరాకి పనిముట్ల పెట్టె మీద ఒక్క బొట్టు పెట్టి ఊరుకునేవారు కాదు. పెట్టె తెరిచి, అడుగునున్న చిన్న పానాకి కూడా పెట్టేవారు. ఆ పండగ పొద్దున కుమారి స్నానానికి వెళ్ళింది. పైదానికి బొట్టు పెట్టాను. మరి లోపలిదానికి? వేడి బయటికి పోవాలని మరలు బిగించకుండా వదిలేసిన పక్కరేకు లాగాను. రెండో మిషన్ ఏదో తెలియలేదు. నిటారుగా నిలబడ్డ ఆకుపచ్చ రేకు ఒకటి కనబడింది. అదే కాబోలనుకుని తడి పసుపు రాసి, కుంకుమ పెట్టాను. నీళ్ళు కారాయి. పైటతో తుడిచి, పక్కరేకు మూసేశాను.

కుమారి వచ్చి స్విచ్ వేసింది. కాలిన వాసన. అప్పుడే చెప్పొచ్చు కదా? పసుపంటిన చేతులు పైటకి తుడుచుకున్నాను.

మనోజ్ పరుగున వచ్చాడు. రేకు తీసి, లోపలికి వంగాడు. వేలితో ఏదో గీకి చూసుకున్నాడు. తలెత్తి నన్ను చూశాడు.

"ఆంటీజీ, ఎవరైనా డబ్బా ఖోలా క్యా?"

"నాకేటి తెలుసు బాబూ! నేనెందుకు తీస్తాను?"

కుమారి మండిపడింది. "మా అమ్మనడుగుతావేంటి? ఆవిడకి స్విచ్చెయ్యడమే రాదు. నకిలీ మాల్ అంటగట్టి, పైగా ఇంట్లోవాళ్ళ మీద శక్ చేస్తావా?"

అతను వేలిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. పసుపు మరక నాకు కనబడింది. నా మొహంలోకి ఇంకోసారి చూశాడు, నేనేమైనా అంటానేమోనని. నేను స్టవ్ మీద ఏదో ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను. స్టవ్ మీద ఏమీ లేదు.

అతను ఎందుకు చెప్పలేదు? మిషన్ బిగించిన రోజు నా చేతి పులిహోర తిన్నందుకా? వయసుకి మర్యాదా? ఏమో. కుమారి మాత్రం అతను నకిలీ మాల్ ఇచ్చాడని అందరికీ చెప్పింది. అతని కొట్టుకి జనం తగ్గారు. కొన్నేళ్ళకి అక్కడ మొబైల్ రీచార్జి కొట్టు వెలిసింది. మనోజ్ ఊరి బయట మందిర్ హసౌద్ వైపు వెళ్ళాడన్నారు. నేను వెతకలేదు. వెతికితే దొరుకుతాడేమోనని భయం.

కుమారి పాఠాల మాట మళ్ళీ ఎత్తలేదు. ఒక ఆఫీసులో చేరింది. ఈ రోజుకీ ఫ్యాను కొనాలన్నా పక్కవాళ్ళని అడుగుతుంది. "నాకు ఎంచుకోవడం రాదమ్మా, చూశావుగా" అంటుంది. చూశాను తల్లీ. నువ్వు సరిగ్గానే ఎంచుకున్నావు.

ఈ మాట ఆమెకి ఎదురుగా చెప్పగలనా? చెప్పలేక కదా మీకు చెబుతున్నాను. రాస్తున్న పద్మ కలం ఆపి నా వైపు చూస్తోంది. ఆపకు. మనోజ్ ఆ రోజు అడిగినదానికి జవాబు రాయి.

డబ్బా తెరిచింది నేనే బాబూ.