తీగ తెగిన చప్పుడు

ఇవాళ సాయంత్రం పాపకి రాగిజావ పడుతూ ఫోనులో ఆ పాత రికార్డింగ్ పెట్టాను. అందులో పన్నెండో నిమిషంలో గిటారు తీగ టప్పుమని తెగింది. నోటినిండా జావతో ఉన్న పాప ఉలిక్కిపడి, ఏడవాలా వద్దా అన్నట్టు నా ముఖంలోకి చూసింది. ఆ ఒక్క క్షణంలో నాకు సాలూరులోని అప్పలస్వామి మావ కొట్టు, అక్కడి గ్రీజు వాసన గుర్తొచ్చాయి.

మావ మాకు చుట్టం కాదు, పక్కింటివాడు. లారీలకు వైరింగు చేసి స్టీరియోలు బిగించేవాడు. ఏ లారీ వచ్చినా స్పీకర్లను ఈ ఒక్క రికార్డింగుతోనే పరీక్షించేవాడు. పేరుమోసిన విదేశీ గిటారిస్టు ఒకాయన వేలమంది ముందు వాయించిన బ్లూస్ రాక్ జామ్ అది. రాసిపెట్టుకున్న పాట కాదు. వేదిక మీదివాళ్ళు ఒకరినొకరు వింటూ అప్పటికప్పుడు అల్లుకుపోయిన సంగీతం. మధ్యలో తీగ తెగుతుంది. ఆయన పకపకా నవ్వి, మిగిలిన తీగలతోనే ఇంకా జోరుగా వాయిస్తాడు. జనం హోరెత్తిపోతారు. ఆ తెగిన చప్పుడు, దాని వెనక ఆ నవ్వు స్పష్టంగా వినిపిస్తేనే మావ లారీని వదిలేవాడు. "మంచి పాట ఏ డబ్బాలోనైనా బాగుంటాది. తప్పు సరిగ్గా ఇనబడాల," అనేవాడు.

ఎవరో డ్రైవరు వదిలేసిన గిటారు కొట్లో వేలాడుతుండేది. పదో తరగతి సెలవుల్లో దాన్ని నాకిచ్చాడు. మావకు వాయించడం రాదు, వినడం వచ్చు. నేను ఒక్క స్వరం తప్పితే చాలు, ఆపేసి మొదటికి వెళ్ళేదాన్ని. చదువులోనూ అంతే, ఒక్క కొట్టివేత పడితే పేజీ చింపేసే రకం. ఓ రోజు మావ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"ఒసే కోడలా, ఘాటీ రోడ్డులో లారీ గోతిలో పడితే డ్రైవరేటి సేస్తాడు? మళ్ళీ సాలూరొచ్చి బయల్దేరతాడేటి?"

"లేదు మావా."

"మరింకేటి? నడుపు!"

విజయనగరంలో డిగ్రీ చివరి ఏడాది, కాలేజీ వార్షికోత్సవంలో ఆ జామ్‌లోని ముక్కే వాయిస్తానని ఒప్పుకున్నాను. అంతకుముందు ఏడాది తడబడి, సగంలో వేదిక దిగిపోయినదాన్ని. ఈసారీ దిగిపోతే ఇక గిటారు ముట్టకూడదనుకున్నాను. సరిగ్గా ఊపందుకున్నాక తీగ తెగింది. నా చేతులు బిగుసుకుపోయాయి. నన్ను వినడానికని సాలూరు నుంచి వచ్చిన మావ గొంతు వెనక వరసలోంచి ఖంగుమంది: "నడుపే కోడలా!"

హాలు గొల్లుమంది. నాకూ నవ్వొచ్చేసింది. ఆ నవ్వుతోనే చేతులు వదులయ్యాయి. మిగిలిన అయిదు తీగలతో చివరిదాకా వాయించాను. ముగించి తలెత్తేసరికి అందరూ లేచి నిలబడి ఈలలు వేస్తున్నారు. దిగి మావ దగ్గరికి పరుగెత్తాను.

"స్పీకర్లు మంచివే. తెగిన సప్పుడు ఎనక వరసకీ ఇనబడింది," అని, తువ్వాలుతో ముఖమంతా తుడుచుకున్నాడు.

మావ పోయి రెండేళ్ళయింది. పాపని చూడనేలేదు. తల్లినయ్యాక నా భయాలు మళ్ళీ మొదటికొచ్చాయి. పాప తుమ్మితే భయం, ఎక్కువసేపు పడుకుంటే భయం, నా వల్ల ఏ పొరపాటు జరుగుతుందోనని ఇంకా పెద్ద భయం. ఇవాళ కూడా చెంచా పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. పాప కింది పెదవి వణుకుతోంది. అప్పుడే ఫోనులో ఆ గిటారిస్టు నవ్వు వినిపించింది. నేనూ నవ్వాను. పాప కాస్త ఆలోచించి, బోసినోటితో నవ్వి, నోట్లోని జావంతా నా చీర మీదికి ఊదేసి, ఇక నడపమన్నట్టు మళ్ళీ నోరు తెరిచింది.