పెండ్లిగోడ మీది చేతిరాత

సిరిసిల్ల నుంచి జగిత్యాల దాకా నా చేతిరాత పడని పెండ్లిగోడ లేదు. చాలా ఏండ్లు నేను చెప్పుకున్న మాట ఇది. నిజం చెప్తే ఆ గోడలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. కాకపోతే కాలి వేళ్లు గూడ కలుపుకోవాలె.

మా దిక్కు పెండ్లంటే ముందు ఇంటి గోడకు సున్నం పడాలె. దాని మీద జాజుతోని, అంటే ఎర్రమన్నుతోని, పిల్ల పేరు, పిలగాని పేరు రాస్తరు. చెరో దిక్కు ఒక చిలుక. ఈతపుల్ల కొస నలగ్గొడితే అదే కుంచె. ఆ పేర్లు వాటంతట అవి వెలిసిపోయేదాక మళ్ల సున్నం వెయ్యరాదు, వేస్తే కాపురానికి మంచిది కాదంటరు. నేను పుట్టింది సిరిసిల్ల, పంతులు నౌకరి చేసింది కోరుట్ల, రిటైరై కూసున్నది జగిత్యాల. నౌకరి కడుపుకోసం, గోడలు రాసుడు నా షోకు. నా శ్రీకారం చూసి ధర్మపురి గుడి అయ్యగారు దండం పెట్టిండని చెప్పేటోణ్ని. పెట్టలే. "బాగుంది" అన్నడు, అది గూడ బస్సు అందుకునే తొందరల.

ఇగ అన్నల కాలం, అంటే నక్సలైట్ల కాలం, వచ్చింది. పొద్దున లేచేసరికి ఊరి గోడల మీద ఎర్రక్షరాలు. అవి రాసిందెవరో పట్టుకునేతందుకు చేతిరాత మంచిగున్నోళ్లను పోలీసులు పిలుచుకపోతుండ్రని పుకారు. ఒకనాడు కోరుట్ల చాయ హోటల్ల తోటి పంతులు ఒకాయన అందరు వినంగ మొదలుపెట్టిండు.

"ఏం సారూ, బస్టాండు కాడి గోడ చూసినవా? గా అక్షరాల గుండ్రం అంతా నీదే గదనే! పెండ్లిండ్లు తక్కువైనయా, గిది గూడ పట్టినవా?"

అందరు నవ్విండ్రు. మూలకు కూసోని చాయ తాగెటోడు ఒకడు మాత్రం నవ్వలే. వాడెవడో నాకు ఇప్పటికీ తెల్వది. పోలీసు గావచ్చు, చెవిటోడు గావచ్చు. నేను చాయ సగంల ఇడిచి లేచిన.

ఇంటికొచ్చి తలుపేసుకోని పలక పట్టిన. గుండ్రాన్ని విరగ్గొట్టిన, తలకట్టును పక్కకు తోసిన, గీతను వణికిచ్చిన. మంచిగ రాసుడు నేర్చుకునేతందుకు చిన్నతనమంతా పట్టింది, చెడగొట్టుకునేతందుకు ఒక్క వానకాలం సాలింది.

మా ఇంటామె తొంగి చూసింది. "ఏందయ్యా గిది, కోడి గెలికినట్టు! భయమైతే రాసుడు బంద్ జెయ్యి. గీ పాడు పనెందుకు?"

"బంద్ జేస్తే ఎందుకు బంద్ జేసిండని అడుగుతరు."

"గిట్ల రాస్తే అడుగరా?"

నేను పలక తుడిచి మళ్ల మొదలుపెట్టిన.

బడిల నల్లబోర్డు మీద గూడ అదే రాత. కోరుట్లల ఒక తరం తరమంతా నా వంకర అక్షరాలే నేర్చిందని అంటుంట. తరం గాదు, రెండు మూడు క్లాసులు. గని ఆ పిల్లల రాత ఎక్కడన్న కండ్లబడితే ఇప్పటికీ తల దించుకుంట.

రాత ఎందుకు చెడ్డదని నిజంగనే అడిగిండ్రు. ఏం చెప్పాల్నో తెల్వక మణికట్టు మీద పోలీసుల లాఠీ పడ్డదని ఒకాయన చెవుల చెప్పిన. ఆ ఒక్క దెబ్బ చెప్పినప్పుడల్ల పెరిగింది. తర్వాత కథల స్టేషన్ వచ్చింది, ఆ తర్వాత తలకిందులుగ వేలాడదీసుడు వచ్చింది. రిటైరైననాడు దండ వేసి "దెబ్బలు తిన్న చెయ్యి ఇది" అన్నరు. నేను ఆ చేతిని రవ్వంత వణికిచ్చిన గూడ. నిజంగ దెబ్బలు తిన్నోళ్లు అదే సభల వెనుక కుర్చీలల్ల కూసున్నరు. వాళ్లేం చెప్పుకోలే.

మొన్న మా బిడ్డ బిడ్డకు పెండ్లి కుదిరింది, పెండ్లి మా ఇంట్లనే. ఫ్లెక్సీలు వద్దు, గోడ మీద నా పేరు తాతనే రాయాలె అని పట్టు పట్టింది. దెబ్బలు తిన్న చేతితోని రాపిస్తున్నమని పిలగాని ఇంటోళ్లకు గూడ చెప్పుకున్నది. అప్పటిసంది రోజూ పొద్దున వాకిట్ల బండల మీద నీళ్లల్ల వేలు ముంచి రాసుకుంటున్న. ఎండకు ఆరిపోతది, మళ్ల రాస్త. ఆ పాత గుండ్రం ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలే. సగం దాకా మంచిగనే పోతది, అక్కడ ఎవడో పిలిచినట్టు వేలు పక్కకు గుంజుకుంటది. బండల మీద కూసోని ఏడ్చిన. ఈ మాటల మాత్రం పెంచింది ఏం లేదు.

గోడకు సున్నం పడ్డనాడు పిల్లను పిలిచి చెప్పేసిన.

"బిడ్డా, నన్నెవ్వలు కొట్టలే. నేనే చెడగొట్టుకున్న. భయానికి."

పిల్ల నా చెయ్యి పట్టుకోని అటుఇటు తిప్పి చూసింది. "అయితే చెయ్యి మంచిగనే ఉన్నది గద తాతా. ఇగ రాయి."

ఇన్నేండ్లు నన్ను కాపాడిన ఆ లాఠీ గూడ చేజారె. మా ఇంటామె జాజు గిన్నె తెచ్చి గోడ కింద పెట్టింది.

రాసిన. మొదటి అక్షరమే వాలిపోయింది. రెండోది దాని మీద పడ్డది. తుడుద్దమంటే సున్నం అప్పటికే జాజును తాగేసింది. నా మనుమరాలి పేరు జ్వరమొచ్చిన మనిషి లెక్క గోడ పట్టుకోని నిలబడ్డది. వెలిసిపోయేదాక అది గట్లనే ఉంటది, గడప దాటినప్పుడల్ల నేను చూడాలె. పిల్ల పెదవి కొరుక్కోని, "చిలుకలు నేనేస్త తీయ్" అని నా చేతిల కుంచె తీసుకున్నది.

అప్పుడే పక్కింటాయన వచ్చి గోడ ముందర నిలబడ్డడు. "అగో, పోలీసులు జేసిన పని చూడుండ్రి. గంత మంచి చెయ్యిని పాడు జేసి పెట్టిరి."

"లేదయ్యా," గట్టిగనే అన్న. "నన్నెవ్వలు ముట్టలే. నేనే చేసుకున్న."

ఆయన నా భుజం మీద చెయ్యేసి, మా ఇంటోళ్ల దిక్కు తిరిగి మెల్లగ అన్నడు.

"చూసిండ్రా, పెద్దసారుకు ఇప్పటికి గూడ భయం పోలే."

ఆ ఒక్క మాటకు నేను అడ్డం చెప్పలేకపోయిన.