సంగటి పొయ్యి మీంద ఉండాది

ఆ రోజుల్లో కంప్యూటర్లో తెలుగు అక్షరం కనిపిస్తే చాలు, పరాయి ఊళ్ళో చుట్టం ఎదురైనంత సంబరం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కన్నడ సీమలో, పీణ్య అనే ఫ్యాక్టరీల పేటలో ఒక లేత్ మిషన్ల షెడ్డులో డ్రాయింగులు గీసేవాణ్ణి. ఆదివారాలు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఒక తెలుగు నిఘంటువులో మాటలు చేర్చేవాణ్ణి. మాటల కంటే గొడవలే ఎక్కువ చేరేవి. గొడవలు తీరడానికి నియమాలు పెట్టుకున్నాం, ఆ నియమాల మీద మళ్ళీ గొడవలు. అందరికంటే వేగంగా టైపు కొడతానన్న ఒకే ఒక్క అర్హతతో నన్ను నిర్వాహకుణ్ణి చేశారు. (షెడ్డులో మా మేస్త్రీ నన్ను టీ తెమ్మనేవాడు. ఇక్కడేమో పేజీలకు తాళం వేసే అధికారం! మొదటిసారి వేసినప్పుడు, తీయడం తెలియక, అందరితోపాటు నేనూ బయటే ఉండిపోయాను.)

మాలో ఆనేకల్ పెద్దాయన ఒకరు. జిగణిలో ఫ్యాక్టరీ పని చేసి రిటైరైన మనిషి, తాతల నాటి నుంచీ అక్కడి తెలుగువాళ్ళు. ప్రతి మాట కిందా ఒక ఉదాహరణ రాసేవారు. రాగిముద్దను మా వైపు అనే 'సంగటి' అన్న మాట కింద 'సంగటి పొయ్యి మీంద ఉండాది, దించుకో' అని రాశారు. వైట్‌ఫీల్డ్ వైపు ఆసుపత్రిలో పనిచేసే గుంటూరు నర్సక్క దాన్ని 'సంగటి పొయ్యి మీద ఉంది, దించుకోండి' అని దిద్దింది. ఉదాహరణలు అచ్చుభాషలో ఉండాలన్నది నియమం. ఆయన మళ్ళీ మార్చారు, ఆమె మళ్ళీ దిద్దింది. నెలంతా ఆ సంగటి దిగనే లేదు.

ఎదురెదురుగా కూర్చోబెడితే సర్దుకుంటారని ఇద్దర్నీ కాడుగోడి రైల్వే స్టేషన్ దగ్గరి హోటల్‌కు పిలిచాను. యుద్ధం తప్పదని మూల బల్ల చూసి ఉంచాను. తీరా వచ్చాక, "తినండంకుల్, చల్లారిపోద్ది" అని ఆమె, "నువ్వు తినమ్మా, డ్యూటీ చేసొచ్చినావు" అని ఆయన! దోసెలయ్యాయి, కాఫీలొచ్చాయి, సంగటి ఊసు ఎవరూ ఎత్తరు. చివరికి నేనే గొంతు సవరించుకుని నియమం చదవబోతే నర్సక్క అందుకుంది. "ఏమనుకోకండి అంకుల్, పిల్లలు చదువుతారు గదండీ, మర్యాదగా ఉంటదని దించుకోండి అని పెట్టా."

ఆయన నవ్వారు. "మా ఇంటామె ఒగనాడన్నా నన్ను దించుకోండి అనలేదమ్మా." కాఫీ గ్లాసు పక్కకు జరిపారు. "అవన్నీ నేను రాసినవి కాదు తల్లీ, ఆమె మాటలు. ఆమె పోయినంక ఇంట్లో అట్ల మాట్లాడేవాళ్ళు లేరు. కొడుకూ కోడలూ కన్నడ, మనవరాలు ఇంగ్లీషు. యాడన్నా ఒగచోట ఉంటాదిలే అని రాసినానప్పా."

ఆ సాయంత్రమే నర్సక్క తన దిద్దుబాటును తనే తీసేసింది. కానీ తగాదా అప్పటికే ఓటింగుకు వెళ్ళింది. ఆయన్ని ఎన్నడూ చూడని వేరే ఊళ్ళ సభ్యులు నియమం నియమమే అన్నారు. 'ఇవాళ ఒకరి ఇంటావిడకు చోటిస్తే రేపు అందరి ఇంటావిడలూ వస్తారు' అని ఒకాయన చమత్కరించాడు. నర్సక్కా నేనూ ఒక వైపు, మిగతా అందరూ ఒక వైపు. నిర్వాహకుణ్ణి గనక దిద్దాల్సింది నేనే. దిద్దాను. కాసేపటికి పెద్దాయన సందేశం వచ్చింది. 'మీ నిర్ణయం నాకు సమ్మతంగానే ఉంది. నా వలన కలిగిన ఇబ్బందికి మన్నించండి.' వెతికినా తప్పు లేదు. ఆయన రాయగా నేను చూసిన మొదటి 'ఉంది' అదే. ఇక అక్కడ కూర్చోలేక లేచి వచ్చేశాను.

తర్వాతి ఆదివారం నర్సక్కా నేనూ ఆనేకల్ వెళ్ళాం. "మళ్ళీ రాయండంకుల్, ఒక్క అక్షరం ముట్టుకోను" అని ఆమె బతిమాలింది. "కోపం లేదమ్మా. రాయను చెయ్యి రాదు, అంతే" అన్నారు. మేం లేవబోతే మా ఇద్దరి వైపూ చూసి, "ఇంగొంచేపు కూచోండప్పా. శానా దినాలకు ఇంట్లో ఇంతసేపు తెలుగు మాట్లాడినా" అన్నారు. వచ్చిన బస్సును పోనిచ్చి కూర్చున్నాం.

తిరిగొచ్చి రాజీనామా రాశాను. నిర్వాహకుడు మానేయవచ్చా అన్నదానికి మా నియమాల్లో ఏమీ లేదట. దాని మీద ఓటింగు పెట్టాలా వద్దా అని పెద్ద చర్చ జరిగింది. అది తేలకముందే జనం విసిగి పలచబడ్డారు, కొన్నాళ్ళకు నిఘంటువే మూతపడింది. నియమం ప్రకారం చూస్తే నేనింకా నిర్వాహకుణ్ణే. అధికారమంతా చెక్కుచెదరకుండా నా దగ్గరే ఉంది, చెలాయించడానికి చోటే లేదు. అప్పుడప్పుడు అది గుర్తొచ్చి, నెరిసిన తల నిమురుకుంటూ నవ్వుకుంటాను. ఆ నవ్వు పూర్తిగా రాదు.