చింతగింజలు పట్టించిన తప్పు

2023 ఎండాకాలం. ఖమ్మంలో మా ఇంటి పైగదే నా ఆఫీసు. కంప్యూటర్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లో ఇతరులు చేసిన మార్పులు చదివి, బాగుంటే కింద నా పేరు పెట్టడం నా పని. దీన్ని రివ్యూ అంటారు. నేను పేరు పెట్టానంటే ఇక మా జట్టులో ఎవరూ తిరిగి చూడరు. ఆ సంగతి నాకు కాస్త తలకెక్కిన మాట నిజం.

ఆ వారం వచ్చిన మార్పు ఆసుపత్రిలో వాడే పంపుది. రోగి నరంలోకి మందు ఎంత వేగంగా ఎక్కాలో లెక్కగట్టే యంత్రం అది. ప్రాసెసర్ తన అంకెలను రిజిస్టర్లనే చిన్న అరల్లో పెట్టుకుంటుంది. ఒక పని ఆపి ఇంకోటి అందుకునేటప్పుడు కెర్నెల్ ఆ అంకెలను దాచి, ఆ పని తిరిగొచ్చాక మళ్లీ తెచ్చి పెట్టాలి. అరల్లో ఉన్నవి ఆ పనివే అయితే మళ్లీ తేవడం దండగ, మానేద్దాం అన్నదే ఆ మార్పు. పదకొండు లైన్లు. టీ చల్లారేలోపు చదివి పేరు పెట్టేశాను.

మర్నాడు మధ్యాహ్నం లక్ష్మి వీడియో కాల్ చేసింది. మా జట్టులో చేరి ఆరు నెలలు. ములకలపల్లిలో ఇంటి నుంచే పనిచేస్తుంది.

"సార్, మీ పేరు వాపసు తీసుకోండ్రి," అంది.

నాకు చురుక్కుమంది. "ఏందమ్మా, ఏమైంది?"

"పొద్దుగాల మాకాడ కరెంటు పోయింది సార్. కోడ్ ప్రింటు ముందల పెట్టుకొని నేల మీద నడిపి చూసిన."

ఫోన్ కిందికి తిప్పింది. సుద్దముక్కతో అష్టాచెమ్మా గడుల్లా గీసిన రెండు పెట్టెలు. ఒక్కోటి ఒక కోర్, అంటే ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే భాగం. గడుల్లో అంకెలకు బదులు చింతగింజలు.

"మందు లెక్క ఈ కోర్‌ల మూడు గింజల కాడ ఆగింది సార్. ఆ కోర్‌కి పోయి అయిదైంది. మళ్ల ఈడికొచ్చింది. ఈడ ఇంకా మూడే ఉన్నయ్. ఇవి దీనియే గదా, మళ్ల తెచ్చుడెందుకని కెర్నెల్ ఊకుంటది."

అంటే మందు పాత లెక్కతో ఎక్కుతుంది.

"నీకు అనుమానం ఎట్లొచ్చింది?"

"అనుమానం గాదు సార్. మార్చని లైన్లు గూడ నడిపి చూస్త. నా చేతితోని గింజ జరగకపోతే నాకు అర్థం గాదు."

వెంటనే నా పేరు తీసేసి జట్టందరికీ రాశాను: నేను చదివాను, లక్ష్మి నడిపి చూసింది. చదవడానికీ చూడడానికీ ఇంత తేడా ఉందని ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్నాను.

పని వేరే కోర్‌కి వెళ్లొస్తే అరల్లోవి పాతవని కెర్నెల్ గుర్తించేలా ఆమే సరిచేసింది. రివ్యూకి నాకే పంపింది. వంటింట్లో డబ్బాలన్నీ వెతికి చింతగింజలు తెచ్చుకున్నాను. మోకాళ్లు మొరాయిస్తున్నా నేల మీద కూర్చుని, ప్రతి దారీ గింజలతో నడిపి చూశాకే పేరు పెట్టాను. పైన ఆమె పేరు, కింద నా పేరు. ఇన్నేళ్లలో ఇంత గర్వంగా ఇంకెక్కడా పెట్టలేదు.