మూడో ప్రకటన

మా చర్చిలో పెళ్లి కావాలంటే ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా వారికీ ఫలానా వారికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని అయ్యగారు అడుగుతారు. నాకు ఊహ తెలిశాక ఒక్కరూ లేచి చెప్పిన పాపాన పోలేదు. ఆ మాట వినగానే అందరూ చెప్పులు ఎక్కడ విడిచామా అని వాకిలి వైపు చూస్తారు. నేనూ అలాగే చూసేదాన్ని, నా పేరు చదివేదాకా.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. నా భర్త పోయి ఆరేళ్లయింది. మాకు పిల్లల్లేరు. ఇంట్లో నేనూ, ఆయన్ని కన్న తల్లీ, ఇద్దరమే. ఆయన పోయిన కొత్తలో మా అన్న వచ్చి పుట్టింటికి రమ్మంటే, "ఈవిడకి ఎవరున్నారు, నేను రాను" అన్నాను. నిజం చెప్పాలంటే నాకు మాత్రం ఎవరున్నారు! మా అత్త వద్దన్నా వినకుండా మిరప కోతలకు వెళ్లేది. పొద్దున ఆ విషయం మీదే పోట్లాడుకునేవాళ్లం, సాయంత్రం ఒకే చాట ముందు కూర్చుని కాయల తొడిమలు తీసేవాళ్లం.

నేను చేసుకోబోయే ఆయన దర్శిలో బస్సు కండక్టరు. భార్య పోయిన మనిషి. నేను స్కూలుకి ఎక్కే బస్సులోనే మూడేళ్లు టిక్కెట్లు కొట్టాడు. ఓసారి పరీక్ష పేపర్ల కట్ట సీట్లో మర్చిపోతే మర్నాడు భద్రంగా తెచ్చిచ్చాడు. అంతకన్నా పెద్ద కథేమీ లేదు. ఆయన మా ఊరికి దగ్గరని అద్దంకికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నాడు. అది వస్తే మా ఇంట్లోనే ఉంటాం. రాకపోతే నేను దర్శి వెళ్లాలి, అక్కడ ఆయనది ఒక్క గది. మరి అత్త? ఆ మాట ఆయన్ని అడగలేదు. అడిగితే కాదంటాడేమోనని భయం. ట్రాన్స్‌ఫర్ తేలేదాకా ఆగుదామంటే, లెంట్, అంటే ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాసాలు, మొదలైతే మా చర్చిలో పెళ్లిళ్లు చేయరు.

పెళ్లి సంగతి చెప్పినప్పుడు అత్త "ఊఁ" అంది. అంతే. అటూ లేదు, ఇటూ లేదు.

మొదటి ఆదివారం ప్రకటన చదివినప్పుడు అత్త ఆడవాళ్ల చాపల మీద ముందు వరసలో ఉంది. నేను వెనకనుంచి ఆమె వీపు చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు. ఇంటికొచ్చాక ఆకలి లేదంది. సరే, కోతల అలసటేమో అనుకున్నాను. మర్నాడు స్కూలు నుంచి వచ్చేసరికి అటక మీది ట్రంకు పెట్టె కిందికి దిగి ఉంది. ఎందుకని నేను అడగలేదు, ఎందుకో ఆమె చెప్పలేదు.

రెండో వారం పక్కింటామె కల్లం దగ్గర నన్నాపి, "మీ అత్త పెదకాకాని తమ్ముడికి ఫోన్ చేసిందంట గదా, వాళ్లింట్లో ఇంత చోటుందా అని" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత మనిషిని ఇంట్లో పెట్టుకుని ఊరంతా చెప్పుకుంటుందా! ఇంటికి వెళ్లి కడిగిపారేద్దామనుకున్నాను. గడప దాకా వెళ్లి ఆగిపోయాను. వెళ్లొద్దు అంటే, మరెక్కడ ఉండను అంటుంది.  జవాబు తెలియకుండా బోర్డు దగ్గరికి వెళ్లడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. రెండో ప్రకటన కూడా అయిపోయింది. నేను పేపర్లు దిద్దే వంకతో పొద్దుపోయేదాకా స్కూల్లోనే ఉండేదాన్ని. ఆమె అన్నం కెలికి లేచిపోయేది. నాకు కోపం, ఆ కోపం కింద భయం.

మూడో ఆదివారం అయ్యగారు కాగితం తీసి చదివారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే" అంటూ అలవాటుగా కాగితం మడవబోయారు.

అత్త పక్కామె భుజం పట్టుకుని లేచింది.

"నాకుందయ్యగారూ."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాకిలి వైపు తిరిగిన తలలన్నీ ఇటు తిరిగాయి. అయ్యగారు కళ్లద్దాలు సర్దుకుని, "ఏంటమ్మా, చెప్పు" అన్నారు.

"అభ్యంతరమో ఏందో నాకు తెలవదు. ఒక మాట అడగాల. ఇంట్లో అడుగుదామంటే ఇది మొహం చాటేస్తంది." నావైపు తిరిగింది. "ఏమే, నీ పెళ్లయినాక నేను యాడుండాల?"

"ఇంటికెళ్లి మాట్లాడుకుందాం, కూర్చో అత్తా" అన్నాను పళ్లు బిగబట్టి.

"ఇంట్లో మాట్లాడేదానివైతే ఈ మూడు వారాలు ఏం చేశావే?"

లేచి నిలబడ్డాను. నిన్ను కళ్లలో పెట్టుకుని చూసుకుంటాం అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అనేసి ఉంటే అందరూ సంతోషించేవాళ్లు. ఆమె కళ్లు చూస్తే నోరు రాలేదు.

"తెలియదత్తా" అన్నాను. "ట్రాన్స్‌ఫర్ వస్తుందో రాదో తెలియదు. నీ గురించి ఆయన ఏమంటాడో తెలియదు. అడగలేదు, అడగాలంటే భయమేసింది. నువ్వు లేని ఇంట్లో ఎట్లా ఉండాలో అది అంతకన్నా తెలియదు." ఇంకేదో అనబోయి ఏడ్చేశాను. అంతమందిలో, లెక్కల టీచర్ని!

అత్త నన్ను ఎగాదిగా చూసింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! తెలవదా? నన్నొదిలించుకోడం ఖాయం చేసుకుని, చెప్పడానికి మొహం చెల్లక తిరగతన్నావనుకున్నా గదే. తెలవదని ఒక్క ముక్క చెప్తే ఈ మూడు వారాలు ఇంత ముద్దన్నా దిగేది గదా!"

తర్వాత అయ్యగారి వైపు తిరిగి, "నాకేం అభ్యంతరం లేదయ్యగారూ, కానీయండి" అని కూర్చుంది. పాపం ఆయన ఆ ప్రకటన మళ్లీ మొదటినుంచీ చదివారు.

చర్చి గేటు దాటామో లేదో అత్త నా బ్యాగు లాగి, "తియ్యి ఫోను. ఆ పిల్లాణ్ణి అడుగు" అంది. పిల్లాడికి నలభై ఆరేళ్లు. నంబరు నొక్కి స్పీకర్ పెట్టాను. ఆయన బస్టాండులో ఉన్నాడు. ట్రాన్స్‌ఫర్ రాకపోతే అత్త కూడా నాతో ఆ గదికే వస్తుందని, మీరేమంటారని గబగబా అడిగేశాను. అవతల బస్సు హారన్లు.  అత్త ఫోను మీదికి చెవి వంచింది.

"ఆ ఒక్క గదిలో ముగ్గురం ఎట్టా సర్దుకుంటామో నాకూ తెలియడం లేదండీ" అన్నాడు. "తీసుకురండి. వచ్చాక చూద్దాం."

అత్త ఫోను నా చేతిలోంచి లాక్కుని నోటి దగ్గర పెట్టుకుంది.

"నేను గురక పెడతా నాయనా" అంది. "ముందే చెప్తన్నా, తర్వాత నన్ననొద్దు."