నా మెమోలో చిన్నాయన పేరు

మా చిన్నాయన పోయిన కబురు నేను వార్డులో ఉండగా వచ్చింది. సూర్యాపేటలో నేను నర్సుగా పనిచేసే దవాఖానలో ఆ ఉదయం ఒక పెద్దాయనకు సెలైన్ పెడుతున్నాను. ఫోన్ మోగింది, తీయలేదు. వెంటనే మళ్లీ మోగింది. చేసింది తమ్ముడు, చిన్నాయన ఒక్కగానొక్క కొడుకు. "అక్కా, నాయన పోయిండు" అన్నాడు. లేచి, చాయ తాగి, మంచం మీద కూర్చొని చెప్పులు తొడుక్కోబోతూ అట్లాగే ఒరిగిపోయాడట. పెద్దాయన చేతికి సూది ఎక్కించి, టేపు వేసి, బాటిల్ సరిచేసి, అప్పుడు బయటికొచ్చి ఏడ్చాను. పని మధ్యలో వదిలి ఏడిస్తే చిన్నాయనకు నచ్చేది కాదు.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. మోతె దగ్గర ఒక చిన్న ఊళ్లో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టాడు. మిలటరీకి పోయి హవల్దారుగా రిటైరయ్యాడు. తర్వాత మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు గేటు దగ్గర కాపలా ఉన్నాడు. పోతే పేపర్లో ఫొటో వేసేంత మనిషి కాదు. కానీ ఆయన చేసిన ఒక పని మీద మా చుట్టాల్లో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. నేను నర్సునైంది ఆ పని వల్లే కాబట్టి, చెప్పాల్సింది కూడా నేనే.

ముందు మనిషిని చూపిస్తాను. చిన్నాయనకు లైను పిచ్చి. లీవు మీద ఊరికొచ్చినప్పుడు మోతె బస్టాపులో జనాన్ని వరసలో నిలబెట్టాలని చూసేవాడు. "ఒకల వెనక ఒకలు నిలబడుండ్రి, అందరికి సీటు దొరుకుతది" అని చెప్పేవాడు. అందరూ తలూపేవాళ్లు. బస్సు రాగానే కిటికీల్లోంచి తువ్వాళ్లు విసిరి సీట్లు ఆపుకొనేవాళ్లు. చిన్నాయన మాత్రం లైనులో నిలబడే ఉండేవాడు, ఆ లైనులో ఆయన ఒక్కడే. ఎన్నిసార్లు బస్సు ఆయన్ని వదిలేసి పోయిందో చెప్పలేను. ఇంటికి నడిచొచ్చి "బస్సు ఫుల్లుండె" అనేవాడు. మా అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వేది.

మా కుక్కకు హిందీ నేర్పింది కూడా ఆయనే. 'బైఠ్' అంటే కూర్చొనేది, 'చలో' అంటే మందను తోలేది. లీవు అయిపోయి ఆయన వెళ్లిపోయాక మా నాయనకు తిప్పలు. తెలుగులో ఎంత అరిచినా అది చెవులు నిక్కించి చూసేదే గాని కదిలేది కాదు. చివరికి మా నాయన కూడా గొర్రెల వెనక హిందీ మాట్లాడక తప్పలేదు. "తమ్ముడు మిలట్రీకి పోతే, నాకు పరీక్ష పెట్టిపోయిండు" అనేవాడు.

మా ఇంటి తీరు కూడా కొంచెం చెప్పాలి. వరికోతలు అయ్యాక మా నాయన మందను తోలుకొని మిర్యాలగూడ వైపు సాగర్ కాలువ భూముల్లోకి పోయేవాడు. మంద పొలంలో పడుకుంటే ఎరువు పడుతుందని అక్కడి రైతులే పిలుస్తారు. పోతే నెలల తరబడి రాడు. చిన్నాయనేమో లీవుకొచ్చినప్పుడే ఇంట్లో ఉంటాడు. ఇద్దరూ ఒకేసారి ఇంట్లో ఉండడం పండక్కి కూడా కుదిరేది కాదు. అందుకని మా ఇంట్లో ఒక రివాజు. ఆ వేళకు ఇంట్లో ఏ మగమనిషి ఉంటే, పిల్లలందరికీ ఆయనే తండ్రి. కొట్టినా ఆయనే, జ్వరమొస్తే ఎత్తుకొని పోయినా ఆయనే. నన్ను బడిలో వేసిన రోజు నాయన మందతో ఉన్నాడు, చిన్నాయన లీవు మీద ఉన్నాడు. సైకిల్ మీద నన్ను కూర్చోబెట్టుకొని పోయి, కాగితం మీద సంతకం చేసి వచ్చాడు. సంతకం చేసింది తండ్రే అనుకొని సారు ఆ పేరే తండ్రి గడిలో, మిలటరీ అని పని గడిలో ఎక్కించాడు. మా ఇంట్లో ఎవరికీ అది తప్పుగా తోచలేదు.

అట్లా పదో తరగతి మెమోలో నా తండ్రి పేరు చిన్నాయనది అయింది. మెమో చూసి మా నాయన "నా బిడ్డను మిలట్రీకి రాసిచ్చిండ్రు" అని నవ్వాడు. మార్పించాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. తిరగాల్సిన మనిషేమో కాలువ గట్ల మీద ఉన్నాడు. ఊరుకున్నాం.

నేను సూర్యాపేటలో ఇంటర్ పూర్తి చేసిన ఏడు, రిటైరైన సైనికాధికారులు నడిపే ఒక ట్రస్టు వాళ్లు మాజీ సైనికుల పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు. మార్కులు బాగున్న పిల్లల్లో మిలటరీ తండ్రులున్న వాళ్ల పేర్లు కాలేజీ వాళ్లే పంపారు. హైదరాబాదులో నర్సింగు చదువు, హాస్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లే చూసుకుంటామని కబురొచ్చేదాకా నా పేరు వెళ్లిన సంగతే నాకు తెలియదు. అప్పటికే కోదాడలో డిగ్రీ సీటు వచ్చి ఉంది. నర్సింగంటే నాకు ప్రాణం. కోదాడ సీటు వదిలేశాను, అక్కడ గడువూ దాటిపోయింది. ఇంట్లో అందరూ సంబరంగా ఉన్నారు. మిల్లు నుంచి వచ్చిన చిన్నాయన మాత్రం అన్నం ముందు కూర్చొని కలపకుండా ఉండిపోయాడు.

"ఇది సిపాయి బిడ్డలకు పెట్టింది. చెప్పకుండ తీసుకుంటే దొంగతనం అయితది" అన్నాడు.

మా అమ్మకు కోపమొచ్చింది. "వాళ్ల తప్పుకు మనమెందుకు పోయి చెప్పాలె? మనం అడిగినమా? కోదాడ సీటు సుత పోయింది. ఇది గూడ పోతే పిల్ల బతుకేం గావాలె?"

అమ్మ భయం ఉత్తది కాదు. మా వైపు ఒక ఏడు ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్ల పత్తి చేన్లకు పోవడం మొదలుపెడుతుంది, మళ్లీ పుస్తకం పట్టదు. మా మేనత్త కూతురికి అట్లాగే అయింది, నాకన్నా తెలివైంది. నేను గోడకానుకొని నిలబడి ఇద్దరి మాటలూ విన్నాను. చిన్నాయన మీద నాకు అంత కోపం అంతకు ముందూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఆయన చెయ్యి కడుక్కొని నా వైపు తిరిగి "రేపు నువ్వు గూడ రా బిడ్డా. నీ ముచ్చట నీ వెనక మాట్లాడ" అన్నాడు.

సూర్యాపేటలో హైవేకి ఆనుకొని ఉన్న మేడ మీద ట్రస్టు ఆఫీసు. టేబులు వెనక ఒక రిటైర్డు మేజరుగారు ఉన్నారు. మాట తీరును బట్టి కోదాడ అవతలి ఆంధ్రా మనిషి అనిపించింది. ఆయన కుర్చీ చూపించినా చిన్నాయన కూర్చోలేదు.

"ఈ బిడ్డ మా అన్న బిడ్డ సార్. బడిల నా పేరు పడ్డది. మా ఇంట్ల అందరికి ఎరుకే, మీకు ఎరుక లేదు. చెప్దామని వచ్చిన."

మేజరుగారు కళ్లద్దాలు తీసి మా ఇద్దరినీ చూశారు. "మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. సరే, వదులుకుంటున్నామని రాసిచ్చి వెళ్లండి."

"వదులుకోనీకె రాలె సార్. ఇయ్యమని అడగనీకె వచ్చిన."

మేజరుగారు నవ్వారు, కోపంగా కాదు. "ఇదేం వరస హవల్దార్ సాబ్? మీరే కాదంటారు, మీరే ఇమ్మంటారు."

"కాదన్నది నిజం చెప్పనీకె. ఇయ్యమన్నది మీ మాట కోసం. మీరు ఇస్తమన్నరు. ఆ మాట పట్టుకొని పిల్ల కోదాడ సీటు ఇడిసిపెట్టింది. ఇప్పుడు తప్పైందని మీరు వాపసు తీసుకుంటే మీకు ఒక్క కాగితం పోతది, ఆమెకు సదువు పోతది. పైనుంచి తప్పు ఆర్డరొస్తే, నడిసిన సిపాయిని పట్టుకొని నీదే తప్పంటమా సార్?"

మేజరుగారు కళ్లద్దాలు టేబులు మీద పెట్టారు. "మీ మాట కాదనలేను. కానీ నా వైపు కూడా చూడండి. దాతలు సైనికుడి బిడ్డకని ఇచ్చారు. వేరేవాళ్లకు ఇస్తే ఆ మాట తప్పినట్టవుతుంది కదా." మళ్లీ ఆలోచించి, "మీకు పిల్లలున్నారా?" అని అడిగారు.

"కొడుకున్నడు సార్. కోదాడల ఇంటర్ సదువుతుండు."

"అయితే ఒకటి చెయ్యొచ్చు. మా దగ్గర సైనికుడి ప్రతి బిడ్డకూ ఒక వంతు ఉంటుంది. మీ అబ్బాయి వంతు ఈ అమ్మాయికి ఇవ్వమంటే ఇస్తాను, నా కమిటీకి నేను చెప్పుకుంటాను. అప్పుడు రెండు మాటలూ నిలబడతాయి. కానీ వచ్చే ఏడు మీ అబ్బాయి వస్తే మాత్రం ఏమీ చేయలేను."

నేను చిన్నాయన ముఖం చూడలేకపోయాను. తమ్ముడికి మిషన్లంటే ఇష్టం. ఇంజనీరింగు చదువుతానని ఇంట్లో అందరికీ చెప్పుకొనేవాడు. వద్దు చిన్నాయనా, ఇంటికి పోదాం అని నోటిదాకా వచ్చింది, అనలేదు. చిన్నాయన "జర బయటికి పోయొస్త సార్" అని మెట్లు దిగి పోయాడు. చాలాసేపు రాలేదు. మేజరుగారు నాకు మంచినీళ్లు ఇప్పించి, నర్సే ఎందుకవ్వాలనుకున్నావమ్మా అని అడిగారు. ఏం చెప్పానో గుర్తులేదు. తిరిగొచ్చిన చిన్నాయన చొక్కా చెమటతో తడిసి ఉంది. "రాయుండ్రి సార్, ఈ బిడ్డకే" అన్నాడు.

ఆ రోజు నుంచి మా చుట్టాలు రెండు జట్లు. ఊరుకుంటే ఇద్దరు పిల్లలకూ దారి దొరికేది, పోయి చెప్పి కొడుకుది పోగొట్టాడని ఒక జట్టు. అసలు అడగడమే తప్పు, మనది కాదని తెలిశాక వదిలేసి రావాల్సిందని ఇంకో జట్టు. చిన్నాయన రెండిటికీ జవాబు చెప్పేవాడు కాదు. చిన్నమ్మ కొన్నాళ్లు ఆయనతో పలకలేదు. కంచం ముందు పెట్టి పక్కకు తిరిగి కూర్చొనేది. నాతో మాత్రం ఎప్పటిలాగే ఉండేది. హైదరాబాదు పోయేటప్పుడు నా సంచిలో కారప్పొడి డబ్బా పెట్టి, "అక్కడి కూరలు సప్పగుంటయట" అంది. ఆ ఇంటివాళ్లంతా ఇట్లాంటివాళ్లే. వాళ్లకు నేనెంత రుణపడ్డానో మాటల్లో చెప్పలేను, చెబితే ఒప్పుకోరు కూడా.

నేను నర్సునయ్యాను. తమ్ముడు కోదాడలో డిగ్రీలో చేరి, నడుమ మానేసి, వరికోత మిషను మీద పనికి పోయాడు. ఇప్పుడు సొంత మిషను ఉంది. కోతల కాలంలో చిలుకూరు నుంచి మిర్యాలగూడ దాకా వాడి మిషను తిరగని పొలం ఉండదు. బాగానే ఉన్నాడు. అయినా వాడి నల్లబడ్డ చేతులు చూసినప్పుడల్లా నాలో ఏదో కలుక్కుమనేది. తండ్రి ఒక్కడే ఏదో అనుకొని వాడి వంతు తీసి నాకిచ్చాడు, వాడు మనసులో ఏం పెట్టుకున్నాడో అని. మిర్యాలగూడ పోయినప్పుడు మిల్లు గేటు దగ్గర చిన్నాయన పక్కన స్టూలు మీద కూర్చొని ఒకటి రెండుసార్లు అడగబోయాను. ఆయన లేచి వచ్చే లారీకి గేటు తీయడానికి పోయేవాడు. లారీలను కూడా లైనులోనే పెట్టించేవాడు. అక్కడ మాత్రం ఆయన మాట సాగింది.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, వాకిట్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్న తమ్ముడి దగ్గరికి పోయాను. ఇక దాచుకోలేక అడిగేశాను. "తమ్మీ, నీ వంతు నాకిచ్చిండని చిన్నాయన మీద ఎప్పుడన్న కోపమొచ్చిందా?"

వాడు చేతిలో కుర్చీ కింద పెట్టాడు. "నాయన ఇచ్చిండని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"నేను ఆడనే ఉన్న గద."

"నువ్వు పైన ఉన్నవ్. నాయన కిందికొచ్చి నాకు ఫోన్ చేసిండు, హాస్టలు వార్డెన్ ఫోన్‌కు. ముచ్చటంత చెప్పి, 'ఇది నీ వంతురా, నేను ఇయ్యనీకె నాది గాదు. నువ్వు ఇస్తనంటె పైకి పోయి చెప్త, లేదంటె అక్కను తోలుకొని ఇంటికి పోత' అన్నడు. నేను ఎంటనే సరే నాయనా అన్న. గట్ల ఎంటనే అనకు, మంచిగ ఆలోచించు, నేను లైన్లనే ఉంట అన్నడు."

"మల్ల?"

"మల్ల ఏమున్నది. ఏం ఆలోచించాల్నో నాకేం తెల్సు? ఊకున్న. ఆయన గూడ ఊకున్నడు. హైవే మీద లారీలు పోయే సప్పుడు ఇనబడుతుండె. శానసేపు గట్లనే ఉన్నడు అక్కా, నాయన లేడేమో అనుకున్న. నాయనా అంటే, ఆ ఉన్న, నువ్వు ఆలోచించు అన్నడు. ఆఖరికి అక్కకే ఇయ్యమను అని చెప్పిన."

"ఏమన్నడు?"

తమ్ముడు నవ్వబోయాడు, కుదరలేదు. "మిలట్రీల పెద్దాఫీసర్లతోని మాట్లాడి ఫోన్ పెట్టేటప్పుడు ఒక మాటంటరు. నాయన నాకు గా మాటే అన్నడు. 'జైహింద్ సాబ్' అన్నడు."

ఆ మాట చెప్పి వాడు మళ్లీ కుర్చీలు పేర్చడంలో పడ్డాడు. నేను అక్కడే నిలబడ్డాను. సూర్యాపేట ఎండలో, లారీల దుమ్ములో, చిన్న ఫోను చెవికి ఆనించుకొని, మడమలు రెండూ కలిపి, ఇంకా మీసం రాని కొడుకు జవాబు కోసం చిన్నాయన నిలబడే ఉన్నాడు.