హిబినో అయిదో కత్తి

హిబినో తోకుజి కొత్త కత్తి ఆలోచనతో వచ్చాడంటే చేతిలో చుట్టిన కాగితం ఉంటుంది. మసాయో దాన్ని దూరం నుంచే గుర్తుపడుతుంది. ఆ పూట కూడా అద్దాల తలుపులోంచి కాగితపు చుట్ట కనిపించగానే ఆమె నిట్టూర్చి, చేతిలోని పట్టుతాడు బిగింపు వదలకుండానే, కూర్చునే రెండో దిండును కాలితో ముందుకు తోసింది.

సెకీ ఊళ్లో కత్తులతో సంబంధంలేని ఇల్లు తక్కువ. కొందరు కత్తి అలుగు పోస్తారు, కొందరు ఒర చెక్కుతారు. కుమజాకి మసాయో పిడి చుడుతుంది. చెక్క పిడి మీద గరుకైన చేప తోలు అతికించి, దాని మీద తాడును కుడినుంచి ఒకసారి, ఎడమనుంచి ఒకసారి మెలేసి లాగాలి. ప్రతి మెలిక కిందా మడిచిన చిన్న కాగితం ముక్క దూర్చాలి. ఒక్క మెలిక వదులైతే మొత్తం విప్పాలి. ఈ పని అత్తగారి దగ్గర నేర్చుకుంది. అత్తగారి బొటనవేళ్లు చివరికి ఎలా వంకరపోయాయో ఇప్పుడు తన వేళ్లూ అలాగే పోతున్నాయి. పొద్దున్నే వేడినీళ్లలో చేతులు ముంచితే తప్ప తాడు పట్టు చిక్కదు. అరవై దాటాక ఇక చాలనుకుంది. దాటి ఏడాదైంది.

హిబినో ఉద్యోగమంతా గిఫు నగరం నుంచి సెకీకి బస్సు నడపడంలోనే గడిచింది. బస్సు డిపోలో సాయంత్రాలు కత్తి దూసే విద్య నేర్పే గుంపు ఒకటి ఉండేది. పేకాట ఇష్టంలేక అందులో చేరాడు. డిపో వాళ్లందరూ ఒక్కొక్కరే మానేశారు, అతను మానలేదు. ఎదుట మనిషి ఉండడు. మోకాళ్ల మీద కూర్చుని, లేని శత్రువు మీదకి కత్తి దూసి, నరికి, మళ్లీ ఒరలో పెట్టడం. అంతే. అందుకు వాడేది పదునులేని సాధన కత్తి. రిటైరయ్యాక గురువారాలు మునిసిపాలిటీ వ్యాయామశాలలో తనే నేర్పుతున్నాడు. ఏడో మెట్టు దాకా ఎక్కాడు. ఎనిమిదోది ఆఖరు. ఏడాదికోసారి టోక్యోలో పరీక్ష. దేశం నలుమూలల నుంచీ తల నెరిసినవాళ్లు వస్తారు, వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే నెగ్గుతారు. హిబినో వరసగా ఓడిపోతున్నాడు. ఓడిన ప్రతిసారీ కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడడు. ఆ తర్వాత కాగితం చుట్టతో వస్తాడు.

నిజానికి అతని మొహంలో వెలుగు కనిపించేది కాగితం విప్పినప్పుడే. పిడి పొడవు, అలుగు బరువు, పిడికీ అలుగుకీ మధ్య ఉండే ఇనప బిళ్ల మీద నగిషీ, అన్నీ పెన్సిలుతో గీసి ఉంటాయి. రంగురంగుల తాడు ముక్కలు చాప మీద పరుచుకుని, దాదాపు ఒకేలా ఉన్న రెండు నీలాల మధ్య పూటంతా తేల్చుకోలేక కూర్చుంటాడు. నాలుగో కత్తికి తాడు కింద పెట్టే బొమ్మలుగా తూనీగల్ని ఎంచుకున్నాడు. తూనీగ వెనక్కి ఎగరదు కాబట్టి. ఆ కత్తితోనూ ఓడిపోయాడు.

ఇప్పుడు అయిదోది.

"గాడి వెడల్పుగా ఉండాలి. లోతు కూడా పెంచమను" అన్నాడు, కొంచెం గొంతు తగ్గించి.

"పోయినసారీ అదే అన్నారు డ్రైవరు గారూ."

"పోయినసారిది సరిపోలేదు. అది చచ్చింది. నోరు విప్పడంలేదు."

అలుగు వీపు పక్కన రెండు వైపులా సన్నటి గాడి ఉంటుంది. కత్తి తేలికవడానికి. నరికే చెయ్యి తిన్నగా వస్తే గాలి ఆ గాడిలోంచి కోసుకుపోయి ఈల వేస్తుంది. చెయ్యి వంకరైతే వెయ్యదు. గాడి మరీ వెడల్పైతే మాత్రం ఎవడు ఊపినా వేస్తుంది. అందుకే తలపండినవాళ్లు అలాంటి కత్తి పట్టుకోవడానికి సిగ్గుపడతారు. ఏడో మెట్టు మనిషి అడగాల్సింది కాదది. హిబినో గొంతు తగ్గించింది అందుకే.

ఇదే ఆఖరన్నాడు. ఈ కత్తి కూడా మోగకపోతే టోక్యో వెళ్లనని, గురువారం సాధన శిష్యుడు కకాముకి అప్పజెప్పి ఇంట్లో కూర్చుంటానని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. రేపటి నుంచి ఈ బస్సు ఈ దారిలో వెళ్లదని ప్రయాణికులకి చెప్పినట్టు చెప్పాడు.

చచ్చిన కత్తిని చూపిస్తానని ఆమెను పెరట్లోకి పిలిచాడు. పెరడంటే ఇంటికీ పక్కవాళ్ల కారు షెడ్డుకీ మధ్య ఇరుకు జాగా. హిబినో నిలబడి, ఊపిరి పీల్చి, పైనుంచి కిందకి నరికాడు. తూనీగల కత్తి సన్నగా, కొత్త గుడ్డ చింపినట్టు ఈల వేసింది.

"చూశావా?"

"మోగిందిగా."

అతను నవ్వాడు. "నువ్వు కూడా నా శిష్యుల్లాగే తయారయ్యావు."

శిష్యులు గురువుగారి కత్తి మోగలేదని ఎక్కడా అనరు. మోగనప్పుడూ మోగిందంటారు, మోగినప్పుడూ మోగిందంటారు, వంగి దండం పెడతారు. అది మర్యాద. ఇంకోసారి నరికాడు, ఇంకోసారి ఈల వేసింది. అతను తల అడ్డంగా ఊపి కత్తిని ఒరలో పెట్టాడు. గురువుల చెవికి అందే తేడా ఏదో తనకి తెలియదేమోనని మసాయో సరిపెట్టుకుంది. పైగా పొద్దున్నుంచీ వంగి కూర్చుని నడుము లాగేస్తోంది. సరే, అలుగు పోసే కార్ఖానాకి చెబుతానంది.

అలుగు పోసి రావడానికి సమయం పడుతుంది. ఈలోగా హిబినో వారం వారం వచ్చి తాడు ముక్కలు తిరగేసి వెళ్తున్నాడు. అతను రాని ఒక రోజున అతని భార్య యాయె వచ్చింది, ఉప్పులో ఊరేసిన టర్నిప్ దుంపల డబ్బా పట్టుకుని. ఇంట్లో కత్తులు గొడుగుల్లా మూలకి చేరాయని, బీరువా తలుపు తెరుచుకోవడంలేదని చెప్పింది. మొగుడి మీద ఫిర్యాదులు చెప్పుకోవడానికే వచ్చింది కాబట్టి మసాయో టీ పోసి, పని ఆపకుండా వింటూ కూర్చుంది.

మనవరాలు గంట కీచురాళ్లని కొని, చిన్న పెట్టెలో పెట్టి తాతకి తెచ్చి ఇచ్చిందట. శరత్తు రోజుల్లో అవి చిరుగంటల్లా కూస్తుంటే వింటూ పడుకోవచ్చని.

"మా ఆయన నాలుగు రోజులు చూసి, ఇవి కూయనివి, అంగడివాడు ఆడ పురుగులు అంటగట్టాడు అని తోటలో వదిలేసొచ్చాడు. పిల్ల ఏడుపు. రాత్రంతా ఇల్లెగిరిపోయేలా కూస్తుంటే కూయట్లేదంటాడేంటండీ, చోద్యం కాకపోతే. నామీద మంటకే అంటాడు అలా."

మసాయో వేళ్ల మధ్య తాడు జారింది. బిగించిన మెలికలు నాలుగైదు వదులయ్యాయి. యాయె అయ్యో అంది. పర్లేదని, ఎలాగూ విప్పాలనుకున్నానని అబద్ధమాడింది మసాయో.

తప్పు అతని చెవులదని యాయెకి అక్కడే చెప్పేయొచ్చు. కాని యాయె వెళ్లి చెబితే అది మొగుడూపెళ్లాల పోట్లాట అవుతుంది, అతను నమ్మడు. శిష్యులు చెబితే మర్యాద అనుకుంటాడు. డాక్టరు దగ్గరికి వెళ్లమంటే, బస్సు మానేసిన రోజునే డాక్టర్లనీ మానేశానంటాడు. మిగిలింది తను. ఎవరూ తనకా పని అప్పగించలేదు. కార్ఖానాకి చెప్పిన కత్తి వచ్చేస్తుంది, పిడి చుట్టి ఇచ్చేస్తే తన పని అయిపోతుంది. ఆపైన అది మోగలేదంటాడు, టోక్యో మానేస్తాడు. ముసలివాళ్లు ఏదో ఒక రోజు మానేస్తారు. ఇలా నచ్చజెప్పుకోవడానికి ఆమె రెండు రోజులు గట్టిగానే ప్రయత్నించింది.

తర్వాతి వారం హిబినో వచ్చేసరికి గోడవారగా ఒసాకా కుర్రాడెవరో చేయించుకున్న కత్తి తయారై ఉంది. వెళ్లాల్సిన సరుకు. మసాయో దాన్ని తీసుకుని, రమ్మని అతనికి సైగ చేసి, పెరట్లోకి నడిచింది. ఆమె ఆ విద్య నేర్వలేదు. చుట్టిన పిడి చేతిలో కుదిరిందో లేదో చూడ్డానికి ఊపడం మటుకు తెలుసు. అలాగే ఊపింది, తిన్నగా కూడా కాదు. పక్కవాళ్ల షెడ్డులో పడుకున్న కుక్క తలెత్తి చూసింది.

"ఇదెలా ఉంది?" అని అడిగింది.

"ఇదీ చచ్చిందే." హిబినో ఆసక్తిగా ముందుకొచ్చాడు. "ఎవరిది? గాడి ఎంత?"

ఆమె కత్తిని అతని చేతిలో పెట్టింది. అతను అలుగును వెలుతురు వైపు తిప్పి చూశాడు. గాడి మీద బొటనవేలు పెట్టాడు. వేలి కొన అందులో దిగింది. కార్ఖానాలో అంతకన్నా వెడల్పు గాడి వెయ్యరు. తను కాగితం మీద గీసి ఇచ్చింది కూడా ఇదే కొలత.

కత్తి వెనక్కిచ్చి మళ్లీ ఊపమన్నాడు. ఊపింది. కుక్క లేచి నిలబడింది. ఈసారి హిబినో కత్తి వైపు చూడలేదు, కుక్క వైపు చూశాడు.

కారు షెడ్డు రేకు మీద నీళ్లు కారుతున్నాయి. ముందు రోజు వాన. హిబినో చెవి తడుముకున్నాడు. తను నోటితో చెప్పాల్సిన అవసరం రాలేదని ఆమె కొంచెం తేలికపడింది. కత్తి బరువుకి మణికట్టు లాగుతోంది.

"ఎప్పటినుంచి?" అని అడిగాడు.

"నాకేం తెలుసు. మీ తూనీగలది మోగుతోంది. దానికి ముందుది కూడా బాగానే మోగి ఉంటుంది."

"యాయెకి తెలుసా?"

"ఆవిడ మీరు కావాలని చేస్తున్నారనుకుంటోంది."

అతను పెరటి గట్టు మీద కూర్చున్నాడు. బస్సు డ్రైవర్లు కూర్చున్నట్టు, వీపు నిటారుగా, చేతులు రెండూ తొడల మీద. మసాయో కూడా కూర్చుందామనుకుంది గాని గట్టు తడిగా ఉంది.

"అయితే," అన్నాడు చివరికి, "నన్నెందుకు ఫెయిల్ చేశారు?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమె ఊహించలేదు. కత్తి మోగడంలేదు కాబట్టే ఓడిపోతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాడు. కొత్త కత్తి గీసుకుంటే బాగవుతుందనుకున్నాడు. ఇప్పుడు కత్తి బాగానే ఉందని తేలింది. తను మంచి పని చేశానో చెడ్డ పని చేశానో మసాయోకి అర్థంకాలేదు.

"టోక్యో వాళ్లని అడగండి" అంది. "నేను పిడి చుట్టేదాన్ని."

అతను నవ్వలేదు. కార్ఖానాకి చెప్పి అలుగు ఆపించగలవా అని అడిగాడు. ఇంకా పోసి ఉండరు, ఆపిస్తానంది. ఆ తర్వాత వెళ్లిపోతాడనుకుంది. వెళ్లిపోయి, కకాముకి ఫోన్ చేసి, గురువారాలు అప్పజెప్పేస్తాడు. నిజం తెలిశాక మానేయడం ఇంకా సులువు. ఆమె ఒసాకా కత్తిని తుడిచి ఒరలో పెట్టింది.

హిబినో లేచి, తను తెచ్చిన సంచీలోంచి తూనీగల కత్తి తీశాడు. జాగా చూసుకుని నిలబడ్డాడు.

"నువ్వు చెప్పు" అన్నాడు.

నరికాడు. మోగిందంది. మళ్లీ నరికాడు. మోగిందంది. ఒక్కోసారి నరికి, ఆమె మొహం వైపు చూసి, తల ఊపకుండా మళ్లీ మొదటి భంగిమకి వెళ్లాడు. అతనికి నమ్మకం కుదరడంలేదని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఇంట్లో చేప తోలు అతికించడానికి కాచిన అన్నం జిగురు చల్లారిపోతోంది. చల్లారితే మళ్లీ కాచాలి. కాళ్లు పీకుతున్నాయి. అతని భుజం కూడా అలిసింది. ఈసారి చెయ్యి కొంచెం పక్కకి పోయింది, అలుగు వట్టినే గాలిలో దిగింది.

"లేదు" అంది మసాయో.

హిబినో ఆగాడు. "లేదా?"

"అసలు లేదు. చీపురు ఊపినట్టుంది. కుడిచెయ్యి బిగబట్టారు."

అతను తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. వేళ్లు విప్పి, మళ్లీ పిడి చుట్టూ ఒక్కొక్కటే మూశాడు. కాసేపటి ముందు గట్టు మీద కూర్చున్నప్పటి మొహం కాదది. వచ్చే గురువారం వ్యాయామశాలకి రాగలవా అని అడిగాడు. మూల కుర్చీ వేయిస్తానన్నాడు, ఇలాగే చెబితే చాలన్నాడు, శిష్యుల ముందైనా సరే అన్నాడు. టోక్యో పరీక్షలోపు గురువారాలు చాలా ఉన్నాయన్నాడు.

మసాయో తన చేతి వేళ్లు నొక్కుకుంది. గురువారాలు ఆమె పని త్వరగా ముగించి వేడినీళ్ల స్నానశాలకి వెళ్తుంది. వారం మొత్తంలో ఒళ్లు నొప్పి తెలియని పూట అదొక్కటే.

"కుర్చీ మెత్తగా ఉండాలి" అంది.

"ఉంటుంది."

"టీ కూడా."

"సరే" అని అతను కత్తి ఎత్తాడు. "ఇంకోసారి విను."